వెలిగినదెల్ల సాక్ష్యమగునా?

కంటికి కనబడినదానిని శ్రద్ధగా చూడటం విజ్ఞానశాస్త్రానికి తొలి మెట్టు. చూచినదానిని నిలదీసి ప్రశ్నించడం మలి మెట్టు. మన కళాశాలలలో తొలి మెట్టు బాగానే నేర్పుతున్నాము. మలి మెట్టు విషయంలో మన శ్రద్ధ చాలదని మా అభిప్రాయం. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అని నమ్మే అమాయకత్వం లోకవ్యవహారంలో ఎంత నష్టం తెచ్చిపెట్టునో, సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవానికి అంతకంటె ఎక్కువ నష్టం తెచ్చిపెట్టగలదు.

ఈ మాటను ఊరక చెప్పక, నేటి జీవశాస్త్రంలో మిక్కిలి వాడుకలో ఉన్న ఒక పద్ధతిని ఆధారంగా తీసుకొని విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచినాము. వెలుగునిచ్చే రంగును తగిలించిన ప్రతిదేహాలతో, అనగా యాంటీబాడీలతో, కణంలోని ప్రోటీన్లను వెదికి పట్టుకోవడమే ఆ పద్ధతి. జన్యువులను మేల్కొలిపి, నిద్రపుచ్చే అనులేఖన కారకాలను గూర్చి ప్రపంచం నేర్చుకున్నదానిలో పెద్ద భాగం దీని చలవయే. మన కళాశాలకు ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని ఒకటి కొనవలెనన్న ఆలోచన ఉన్నందున ఈ చర్చకు ఇది తగిన సమయం. ఆ ఆలోచనను మేము హర్షిస్తున్నాము. ఐనను యంత్రం కంటె ముందు రావలసినది ఒకటి ఉన్నది. అది విచారించే అలవాటు.

అనులేఖన కారకమనగా నేమి?

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఒకే డి.ఎన్.ఏ. ఉన్నది. ఐనను కంటి కణం చూపుకు తోడ్పడుతుంది, కాలేయ కణం పైత్యరసాన్ని తయారు చేస్తుంది. గ్రంథాలయం ఒకటే ఐనప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క గ్రంథాన్నే తెరచి చదువుతున్నారన్నమాట. డి.ఎన్.ఏ.లోని ఒక జన్యువును చదివి ఆర్.ఎన్.ఏ. రూపంలో నకలు తీయడాన్ని అనులేఖనం అంటారు. ఏ జన్యువుకు ఎప్పుడు నకలు తీయవలెనో నిర్ణయించే ప్రోటీన్లే అనులేఖన కారకాలు. అవి డి.ఎన్.ఏ. మీద తమకు తగిన చోట కూర్చొని, నకలు తీసే యంత్రాంగాన్ని పిలవవచ్చు, లేదా అడ్డగించవచ్చు. బాక్టీరియాలలో ఈ అదుపు ఎట్లు సాగుతుందో 1961లో ఫ్రాంస్వా జాకబ్, జాక్ మొనో వివరించినారు. 1965లో ఆంద్రే ల్వాఫ్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందినారు. మానవునిలో ఇటువంటి కారకాలు సుమారు 1,600 ఉన్నవని నేటి అంచనా.

వీటి మహిమ సామాన్యమైనది కాదు. 2006లో జపాన్ శాస్త్రజ్ఞుడు షిన్యా యమనాక ఎలుక చర్మకణాలలో కేవలం నాలుగు అనులేఖన కారకాలను ప్రవేశపెట్టి, వాటిని పిండదశలోని మూలకణాల వంటి స్థితికి మరల్చినాడు. ఆయనకు 2012లో నోబెల్ బహుమతి లభించినది. మన రోగనిరోధక వ్యవస్థ మన దేహం మీదనే తిరుగబడకుండా కావలి కాసే టి కణాలకు గుర్తుగా నిలిచే ఫాక్స్‌పి3 కూడా అనులేఖన కారకమే. దాని జన్యువును 2001లో గుర్తించిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ గారలకు, ఆ కావలి కణాలను కనుగొన్న షిమోన్ సకగూచి గారికి 2025లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి దక్కినది. నేడు ఏ ప్రయోగశాలలోనైనను ఆ కావలి కణాలను లెక్కించవలసి వచ్చినప్పుడు, ఫాక్స్‌పి3కి అంటుకొనే రంగు ప్రతిదేహాన్నే సాధారణంగా వాడుతున్నారు.

వెలుగు ఎట్లు పుట్టినది?

కొన్ని పదార్థాలు ఒక రంగు కాంతిని మింగి మరొక రంగు కాంతిని వెలిగ్రక్కుతాయి. ఈ గుణానికి 1852లో జార్జి స్టోక్స్ ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టినాడు; మనము ప్రతిదీప్తి అంటున్నాము. ప్రతిదేహాలు మన రక్తంలోని రక్షక ప్రోటీన్లు. ఒక్కొక్కటి తనకు నిర్ణయమైన ఒక ఆకారాన్ని మాత్రమే గుర్తించి అంటుకొనడం వాటి స్వభావం. ఈ రెండింటిని ముడివేయవచ్చునన్న ఆలోచనను అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆల్బర్ట్ కూన్స్, ఆయన సహచరులు 1941లో ఆచరణలో పెట్టినారు. న్యుమోనియా కలిగించే బాక్టీరియాకు అంటుకొనే ప్రతిదేహానికి రంగు తగిలించి, ఆ బాక్టీరియా వెలుగుతూ కనబడేటట్లు చేసినారు.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విశేషం ఒకటి ఉన్నది. కూన్స్ బృందం మొదట వాడిన ఆంత్రసీన్ జాతి రంగు నీలంగా వెలిగేది. కాని జంతు కణజాలం తనంతట తానే కొంత నీలంగా వెలుగుతుంది. కనబడే నీలం రంగుదా, కణజాలానిదా అని తేల్చడం కష్టమైనది. అందుచేత వారు ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరెసీన్ రంగుకు మారినారు. అనగా ఈ పద్ధతి పుట్టిన నాడే, వెలుగును నమ్మే ముందు విచారించక తప్పదన్న పాఠమూ దానితో కవలగా పుట్టినది. అటు తరువాత 1975లో కోలర్, మిల్‌స్టీన్ గారలు ఒకే రకపు ప్రతిదేహాన్ని ఎడతెగకుండా ఉత్పత్తి చేసే ఉపాయం కనిపెట్టడంతో ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించినది. వారికి 1984లో నోబెల్ బహుమతి వచ్చినది.

అనులేఖన కారకాలను ఈ పద్ధతిలో చూడటం మరింత చిక్కైన పని. కణం ఉపరితలం మీది ప్రోటీన్లు వాకిట నిలుచున్న మనుషుల వంటివి, పలకరించడం తేలిక. అనులేఖన కారకాల పని ఇంటి నడిమి గదిలో, అనగా కేంద్రకంలో. పైగా అవి తరచు కొద్ది సంఖ్యలోనే ఉంటాయి. కనుక ముందు ఫార్మాల్డిహైడ్ వంటి రసాయనంతో కణాన్ని ఉన్నదున్నట్లు బిగించవలెను. తరువాత సబ్బు వంటి ద్రవంతో పొరలకు రంధ్రాలు చేయవలెను. అప్పుడే ప్రతిదేహం లోపలికి పోగలదు. బిగింపు ఎక్కువైతే ప్రతిదేహం గుర్తించవలసిన ఆకారం మరుగుపడవచ్చును. తక్కువైతే కారకం ఉన్న చోటు నుండి జారిపోవచ్చును. వెలుగు చాలనప్పుడు రెండు అంచెల పద్ధతి వాడుతారు. కుందేలులో పుట్టిన మొదటి ప్రతిదేహానికి రంగు తగిలించరు. కుందేలు ప్రతిదేహాన్ని గుర్తించేటట్లు మేకలో పుట్టించిన రెండవ ప్రతిదేహానికి తగిలిస్తారు. మొదటిదానికి రెండవవి అనేకం అంటుకొంటాయి కనుక వెలుగు పెరుగుతుంది. దానితోపాటు పొరపాటుకు తావు కూడా పెరుగుతుంది.

మన నగరంలోనే జరుగుతున్న పని

ఇదంతా సముద్రాల ఆవలి మాట అని విద్యార్థులు అనుకొనరాదు. డాక్టర్ పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో 1977లో మొదలైన సి.సి.ఎం.బి. హబ్సిగూడలో ఉన్నది. అక్కడ డాక్టర్ రాకేశ్ మిశ్రా బృందం ఈగలలోని గాగా కారకాన్ని గూర్చి, వెన్నెముక గల జీవులలో దాని బంధువును గూర్చి పరిశోధనలు చేసినది. ఉప్పల్‌లోని సి.డి.ఎఫ్.డి. డి.ఎన్.ఏ. వేలిముద్రలకు పేరు పొందినప్పటికీ, క్షయ వ్యాధి పరిశోధన కూడా అక్కడ ముఖ్యమైనదే. ఆ సంస్థకు సంచాలకులుగా ఉండి, తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులైన డాక్టర్ సయ్యద్ ఎహతెషాం హస్నైన్ క్షయ క్రిమి పరిశోధనలో ప్రసిద్ధులు. ఈ పేరు మన విద్యార్థులకు ఉత్సాహం కలిగించవలెను.

సి.డి.ఎఫ్.డి. శాస్త్రజ్ఞులు 2017లో ప్రచురించిన ఒక పరిశోధన మన చర్చకు చక్కని ఉదాహరణ. క్షయ క్రిమి మన దేహంలోని మాక్రోఫేజ్ అనే భక్షక కణంలో తలదాచుకొంటుంది. భక్షక కణం నైట్రిక్ ఆక్సైడ్ అనే విషవాయువును పుట్టించి క్రిమిని చంపజూస్తుంది. క్రిమి ఊరుకొంటుందా? పి.పి.ఇ.2 అనే తన ప్రోటీనును ఆతిథ్యమిచ్చిన కణపు కేంద్రకంలోకే పంపుతుంది. అక్కడ అది నైట్రిక్ ఆక్సైడ్‌కు కారణమైన జన్యువు ముంగిట డి.ఎన్.ఏ.ను అంటిపెట్టుకొని, ఆ జన్యువుకు నకలు తీయకుండా అడ్డుపడుతుంది. ఇంటికి వచ్చిన దొంగ ఇంటి తాళపుచెవులే చేజిక్కించుకొన్నట్లున్నది! క్షయ మన బస్తీలలో ఎన్ని కుటుంబాలను కుంగదీసినదో చెప్పనవసరం లేదు. ఆ క్రిమి ఎత్తుగడను తెలుసుకోవడంలో తేలవలసిన మొదటి ప్రశ్న ఏమి? ఆ ప్రోటీను నిజంగా కేంద్రకంలోకి పోయినదా, లేక పోయినట్లు మనకు తోచినదా? ఈ ఒక్క ప్రశ్న మీదనే తక్కిన కథ అంతా నిలుస్తుంది.

సాక్షి తప్పు చెప్పినప్పుడు

ప్రతిదేహం ఒక సాక్షి వంటిది. "నీవు వెదికే ప్రోటీను ఇక్కడ ఉన్నది" అని వెలుగు రూపంలో అది వాఙ్మూలం ఇస్తుంది. సాక్షి అబద్ధమాడవచ్చును, నిజమేననుకొని పొరబడవచ్చును. వెదికే ప్రోటీనుకు దగ్గరి పోలిక గల మరొక ప్రోటీనుకు ప్రతిదేహం అంటుకోవచ్చును. చచ్చిన కణాలు దేనినైనను పీల్చి పట్టుకొంటాయి. కొన్ని రక్షక కణాల మీద ప్రతిదేహాల తోకను పట్టుకొనే గ్రాహకాలే ఉంటాయి. రెండు రంగులు కలిపి వాడినప్పుడు ఒకదాని వెలుగు మరొకదాని పరిధిలోకి ఒలుకుతుంది. వీటిలో ప్రతి ఒక్కటీ సూక్ష్మదర్శినిలో అందమైన బొమ్మగానే కనబడుతుంది. అందులోనే ప్రమాదమున్నది.

ఈ ప్రమాదానికి ఒక అనులేఖన కారకమే గొప్ప నిదర్శనం. ఈస్ట్రోజన్ గ్రాహకాలు హార్మోను తగలగానే పనిలోకి దిగే అనులేఖన కారకాలు. వాటిలో బీటా అనే రెండవ రకం 1996లో వెలుగులోకి వచ్చినది. రొమ్ము క్యాన్సరులో దాని పాత్రను గూర్చి ప్రపంచమంతటా ఎన్నో పరిశోధనలు జరిగినవి. ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. చివరకు 2017లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆ ప్రోటీను కోసం వాడుకలో ఉన్న 13 ప్రతిదేహాలను వరుసగా నిలబెట్టి పరీక్షించినారు. అన్ని పరీక్షలకు నిలిచినది ఒక్కటే. ఆ నమ్మదగిన ఒక్క ప్రతిదేహంతో చూచినప్పుడు మామూలు రొమ్ము కణజాలంలో గాని, రొమ్ము క్యాన్సరు కణజాలంలో గాని ఆ ప్రోటీను ఉన్నట్లే కనబడలేదు. ఇరువది ఏండ్ల శ్రమలో ఎంత భాగం లేనిదానిని ఉన్నదనుకొని వెచ్చించినదో పాఠకులే ఊహించుకొనగలరు.

ఇది ఒంటరి ఉదంతం కాదు. 2015లో ఆండ్రూ బ్రాడ్‌బరీ, ఆండ్రియాస్ ప్లుక్‌తూన్ అనే శాస్త్రజ్ఞులు 'నేచర్' పత్రికలో ప్రకటించిన అంచనా ప్రకారం, సరిగా పని చేయని ప్రతిదేహాల మీద ఏటేటా ప్రపంచంలో వృథా అవుతున్న ధనం సుమారు 80 కోట్ల డాలర్లు. 2023లో ప్రచురితమైన మరొక పరిశోధనలో 65 ప్రోటీన్ల కోసం తయారైన 614 ప్రతిదేహాలను పరీక్షించినారు. లక్ష్యాన్ని గుర్తించలేని ప్రతిదేహంతో సాధించిన ఫలితాలు గల వ్యాసాలు ఒక్కొక్క ప్రోటీనుకు సగటున 12 దాకా ఉన్నట్లు తేలినది. ఇందులో సంతోషించవలసిన సంగతి కూడా ఉన్నది. ఆ పరీక్షల తరువాత, సరిగా పని చేయని వాటిలో సుమారు 20 శాతాన్ని తయారీదారులే అమ్మకం నుండి ఉపసంహరించినారు. సుమారు 40 శాతానికి వాడుక సూచనలు మార్చినారు. ప్రశ్నించేవాడుంటే జవాబు చెప్పేవాడూ ఉంటాడని దీనివలన తెలుస్తున్నది.

దస్తావేజు చూడకుండా ఎవరైనా కొంటారా?

కోకాపేట పరిసరాలలో చదువుకొంటున్న మనకు ఈ విషయం ఇంకొక విధంగా సులభంగా బోధపడుతుంది. ఒకనాడు గండిపేట చెరువు గాలికి పైరులు ఊగిన ఈ ప్రాంతంలో నేడు అద్దాల మేడలు లేస్తున్నవి. 2023 ఆగస్టులో హెచ్.ఎం.డి.ఏ. జరిపిన వేలంలో ఇక్కడి నియోపొలిస్ లేఅవుట్ భూమి ఎకరం అత్యధికంగా 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికినది. ఈ నేలలో గజం భూమి కొనదలచినవాడైనను అమ్మేవాని మాట నమ్మి సొమ్ము చేతిలో పెడతాడా? పట్టా ఎవరి పేర ఉన్నదో చూస్తాడు. లింకు దస్తావేజులు అడుగుతాడు. ఈ.సీ. తీయిస్తాడు. 1954-55 ఖాస్రా పహాణీ దాకా పోయి వెదికిస్తాడు. హద్దులు కొలిపిస్తాడు. అన్నీ సరిపోయినవనిపించినా వకీలుకు ఒకసారి చూపిస్తాడు.

భూమి విషయంలో ఇంత జాగ్రత్త తెలిసిన మనమే, ప్రయోగశాలలో సీసా మీది చీటీ చదివి సరిపెట్టుకొంటే అది ఏమి న్యాయం? తయారీదారు జాబితాలో రాసిన మాట అమ్మేవాని మాటయే. ప్రతిదేహానికి కూడా లింకు దస్తావేజులు ఉన్నవి. ఆ ప్రోటీను జన్యువును తొలగించిన కణాలలో వెలుగు ఆరిపోతున్నదా? ఆ ప్రోటీను ఉన్నదని మరొక మార్గంలో తెలిసిన కణాలలోనే వెలుగు కనబడుతున్నదా? అదే ప్రోటీనులో వేరొక భాగాన్ని గుర్తించే ఇంకొక ప్రతిదేహం కూడా ఇదే మాట చెబుతున్నదా? మొదటి ప్రతిదేహం వేయకుండా రెండవదానిని మాత్రం వేస్తే ఏమి కనబడుతున్నది? ఏ రంగూ వేయని కణం ఎంత వెలుగుతున్నది? ఈ ఐదు ప్రశ్నలకు జవాబు చూపలేని బొమ్మను పరిశోధన ఫలితమని అనరాదు. గోడకు తగిలించుకొనే పటమని అనవచ్చును.

సాక్షిని విచారించే ఈ సంస్కారం మనకు కొత్తది కాదు. న్యాయదర్శనం ప్రత్యక్షాన్ని ప్రమాణంగా అంగీకరిస్తూనే, అది భ్రాంతి లేనిదై ఉండవలెనని నియమం పెట్టినది. దూరాన కనబడేది పొగయో, పొగమంచో తేల్చుకొననివానికి కొండ మీద నిప్పున్నదని చెప్పే అధికారం లేదు. ఇస్లామియా విద్యా సంప్రదాయంలో హదీసు పండితులు, చెప్పబడిన మాట కంటె ముందు చెప్పినవారిని పరీక్షించినారు. ఎవరు ఎవరి నుండి విన్నారు, వారు కలుసుకొనే అవకాశం ఉన్నదా, వారి జ్ఞాపకశక్తి ఎటువంటిది అని విచారించేందుకు అస్మా ఉర్ రిజాల్ అనే ప్రత్యేక శాస్త్రాన్నే నిర్మించినారు. ఖాజీ న్యాయస్థానంలో సాక్షి నడవడిని విచారించే తజ్కియా పద్ధతి ఉండేది. ఈ రెండు వారసత్వాలు ఒకే కప్పు కింద కలిసిన కళాశాల మనది. ఆధునిక ప్రయోగశాలలో కంట్రోలు అనే మాట విని మన విద్యార్థి బెదరనక్కరలేదు. తాతముత్తాతల నుండి వచ్చిన అలవాటునే అక్కడ మరొక పేరుతో పిలుస్తున్నారు.

రెండు ఆక్షేపణలు

"ఇదంతా పెద్ద సంస్థల మాట, మన విద్యార్థులు డిగ్రీ ముగించి ఉద్యోగాలలో చేరేవారే కదా" అని కొందరు అనవచ్చును. వారికి మా సమాధానం ఇది. రొమ్ము క్యాన్సరు నిర్ధారణ అయిన ప్రతి స్త్రీ కణజాలంలో ఈస్ట్రోజన్ గ్రాహకం ఆల్ఫా ఉన్నదా లేదా అని ప్రతిదేహంతోనే పరీక్షిస్తారు. ఆస్పత్రులలో సాధారణంగా ఆ ప్రతిదేహానికి వెలిగే రంగుకు బదులు గోధుమ రంగు పుట్టించే ఎంజైము జోడిస్తారు. సూత్రం మాత్రం ఒక్కటే. ఉన్నదని తేలితే టమాక్సిఫెన్ వంటి మందు ఉపయోగపడుతుంది. ఆ గాజుపలకను తయారు చేసేది పరిశోధక పండితుడు కాదు. మన వంటి కళాశాలలో చదివి వెళ్ళిన టెక్నీషియను. పక్కన కంట్రోలు పలకను పెట్టడం అతడు మరచినందువలన ఒక తల్లికి అందవలసిన మందు అందకపోతే ఆ నష్టాన్ని ఎవరు పూడ్చగలరు? జీనోమ్ వ్యాలీలోని టీకా, ఔషధ కర్మాగారాల నాణ్యతా విభాగాలలో చేరేవారికి సైతం నిత్యం పట్టుబడవలసిన విద్య ఇదే.

"కంట్రోలులన్నీ పెట్టాలంటే ఖర్చు కదా, పేద కళాశాలకు ఎట్లు సాధ్యం?" అన్నది రెండవ ఆక్షేపణ. ఇందులో కొంత నిజమున్నది. ప్రతిదేహాలు ఖరీదైనవి, చల్లదనంలో, చీకటిలో భద్రపరచవలెను, కరెంటు పోయి ఫ్రీజరు కరిగితే చెడిపోగలవు. అందుచేతనే మేము చెప్పేది: సొమ్మంతా యంత్రం మీద పెట్టి, దానిని నడిపే సామగ్రికి చేతులు ముడుచుకొని కూర్చోవద్దు. పది పలకలు రంగు వేయగల స్తోమత ఉన్నప్పుడు ఐదింటిని కంట్రోలులకు కేటాయించి, తక్కిన ఐదింటితో ఒక చిన్న ప్రశ్నకు గట్టి జవాబు రాబట్టడం మేలు. పదింటితో పది అందమైన సందేహాలను పోగు చేసుకొన్నందువలన ప్రయోజనమేమి?

కమిటీకి మా విన్నపాలు

మొదటిది, యంత్రం వచ్చే దాకా ఆగనక్కరలేని పని. నోట్లను పరీక్షించే అతినీలలోహిత దీపం ఒకటి కొంటే చాలు. పాలకూర ఆకులను స్పిరిటులో నూరి వడగట్టి ఆ దీపం కింద పెడితే ఆకుపచ్చని ద్రవం ఎర్రగా వెలుగుతుంది. పసుపును స్పిరిటులో కలిపితే పసుపుపచ్చగా, ఆకుపచ్చ ఛాయతో వెలుగుతుంది. పక్కన ఉత్త స్పిరిటు గాజుగొట్టం ఉంచవలెను, అదే కంట్రోలు. ఇక గొట్టాల కింద తెల్ల కాగితం పరచి చూడుడు. ఏ రంగూ పూయని కాగితమే నీలంగా మెరుస్తుంది, తయారీలో కలిపిన మెరుపు రసాయనాల వలన. కూన్స్ గారిని 1941లో చిక్కులో పెట్టిన సమస్యను మన ఇంటర్మీడియెట్ విద్యార్థి ఒక పూటలో స్వయంగా చూడగలడు. దీపం వైపు నేరుగా చూడరాదన్న హెచ్చరిక మాత్రం మరువరాదు.

రెండవది, ప్రాక్టికల్ రికార్డులో కంట్రోలు లేని ఫలితానికి మార్కులు వేయరాదని అన్ని విజ్ఞాన విభాగాలు నియమం చేసుకొనవలెను. దీనికి ఒక్క పైసా ఖర్చు లేదు.

మూడవది, ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని కొన్న నాడు, కొనుగోలు సొమ్ముతోపాటు ఏటేటా ప్రతిదేహాలకు, కంట్రోలు కణాలకు, ఫ్రీజరుకు, మరమ్మతులకు వేరుగా నిధి కేటాయించవలెను. ఆ నిధి లేని యంత్రం రెండేండ్లలో గుడ్డ కప్పుకొని మూల కూర్చుంటుంది.

నాల్గవది, సి.ఎస్.ఐ.ఆర్. స్థాపక దినమైన సెప్టెంబరు 26 సందర్భంగా సి.సి.ఎం.బి. విద్యార్థులకు తన ద్వారాలు తెరచే ఆనవాయితీ ఉన్నది. ఆ సందర్శనకు మన విద్యార్థులను పంపవలెను. వారు "ఇదేమి?" అని అడిగి ఊరుకోక, "ఇది అదేనని మీకు ఎట్లు తెలిసినది?" అని కూడా అడిగేటట్లు ముందుగా సిద్ధపరచవలెను.

ఐదవది, భాష. హైదరాబాదు నగరంలోనే 1906లో విజ్ఞానచంద్రికా మండలి వెలసి తెలుగులో శాస్త్రగ్రంథాలకు దారి తీసినది. ఇక్కడనే 1917లో దారుల్ తర్జుమా ఏర్పడి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్యను ఉర్దూలో బోధించడానికి గ్రంథాలు సిద్ధం చేసినది. నేడు మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో, మనకు కూతవేటు దూరంలో ఉన్నది. ఐనను మన తరగతిలో ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన అమ్మాయి గాని, తెలుగు మాధ్యమం నుండి వచ్చిన అబ్బాయి గాని కంట్రోలు అన్న మాటను బట్టీ పట్టి అప్పగిస్తున్నారే తప్ప దాని ఆంతర్యాన్ని పట్టుకోలేకపోతున్నారు. తెలియని మాటను ప్రశ్నించడం ఎవరికీ సాధ్యం కాదు. రెండు భాషలలో ఒక చిన్న పదకోశాన్ని, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క ఉదాహరణతో, ఉభయ విభాగాల విద్యార్థులే కలిసి తయారు చేసి, వచ్చే ఏటి సంచికలో ప్రచురించవలెనని మా కోరిక.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు కోకాపేట మేడలలో గణకయంత్రాల ముందు కూర్చొనవచ్చును, కొందరు ఆస్పత్రి ప్రయోగశాలలో, కొందరు సి.సి.ఎం.బి. వంటి పరిశోధనాలయాలలో. ఎక్కడ కూర్చున్నా మీ ఎదుట ఏదో ఒకటి వెలుగుతూనే ఉంటుంది. నమ్మమని పిలుస్తూనే ఉంటుంది. దాని పక్కన వెలుగని పలకను కూడా పెట్టి, రెండింటినీ కలిపి చదవండి. ఆ రెండవ పలకకు అయ్యే శ్రమ స్వల్పం. దానిని పెట్టమని మొదటి నాడే నేర్పవలసిన బాధ్యత మాత్రం కళాశాలది. ఆ బాధ్యతను కమిటీ పెద్దలు ఈ విద్యా సంవత్సరం నుండే స్వీకరించగలరని ఆశిస్తున్నాము.